గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషి: వేరే నమ్మకం ఉన్నవాళ్ళతో క్రైస్తవులు ఎలా మెలగాలి

మా ఊరు పాలకొల్లుకి దగ్గర్లో కాలవ గట్టు మీద ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం దసరా రోజుల్లో ఎదురింటి మామ్మగారు స్టీలు గిన్నెలో పులిహోర పెట్టుకుని, పైన అరిటాకు ముక్క కప్పి మా గుమ్మంలోకి వచ్చారు. నేను గ్రిల్లు తియ్యలేదు. లోపలినుంచే “మేము తినకూడదండి” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. జారిపోతున్న ఆకును గిన్నె మీద మళ్ళీ సర్దుకుని మెట్టు దిగారు. కింద చెప్పులు వేసుకుంటుంటే చూశాను, ఆవిడ చెప్పులు విడిచి మా మెట్టెక్కారు.

తినకపోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. గ్రిల్లు తియ్యకపోవడం మాత్రం తప్పే. ఆ రెండూ వేరు వేరు సంగతులని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. సండే స్కూల్లో పిల్లలకు చెప్తూ, చుట్టుపక్కల వాళ్ళతో పొరపాట్లు చేస్తూ నేర్చుకున్నవి మీకోసం వరసగా రాస్తున్నాను. మీ విశ్వాసాన్ని పలచన చేసుకోమని ఇందులో ఎక్కడా చెప్పను. ప్రభువు మన మీద చూపించిన కృప మన వీధిలో వాళ్ళకి మన దగ్గర ఎలా కనబడాలన్నదే నా ఆరాటం.

1. ముందు ఇంట్లో అనుకునే మాటలు సరిచూసుకోండి

ఈ పని గుమ్మం బయట మొదలవదు. భోజనాల దగ్గర మొదలవుతుంది. పక్కింటివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు “ఆ అన్యులు” అంటున్నామా, “సూర్యంగారి ఇంట్లో వాళ్ళు” అంటున్నామా? ఒక వారం గమనించండి. పిల్లలు మన ప్రార్థనకంటే ముందు మన వెటకారాన్ని పట్టుకుంటారు. మా సండే స్కూల్లో ఏడేళ్ళ పిల్లాడొకడు బడిలో తన పక్కన కూర్చునే పిల్లాడితో “మీ దేవుడు సాతాను” అన్నాడు. ఎక్కడ విన్నావురా అంటే నోరు విప్పలేదు. వాళ్ళమ్మ తల దించుకుంది. ఆ పిల్లలిద్దరూ మళ్ళీ మాట్లాడుకోవడానికి నెల పట్టింది.

“అన్యజనులు” అనే మాట బైబిల్లో ఉంది కదా అని కొందరు అంటారు. ఉంది. కానీ పౌలు పత్రికల్లో ఆ మాటకి అర్థం యూదులు కానివాళ్ళు అని. ఆ లెక్కన పాలకొల్లులో ఉన్న మీరూ నేనూ అన్యజనులమే. బయట ఉన్న మనల్ని లోపలికి పిలిచారు. అలా వచ్చినవాళ్ళం ఆ మాటతో ఇంకొకరిని బయటకి తోస్తే ఎలా?

ఇంకో చోటు చూడండి. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు ఊరంతా పౌలు మీద తిరగబడుతుంది. అక్కడ అర్తెమిదేవి గుడి చాలా పేరున్నది. పౌలు ఆ ఊళ్ళో రెండేళ్ళకు పైగా సువార్త చెప్పాడు, ఎక్కడా దాచుకోలేదు. అయినా ఆ ఊరి కరణం జనాన్ని సముదాయిస్తూ, వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించనూ లేదు అని సాక్ష్యం చెప్తాడు. వేరే మతంవాడు పౌలు బృందానికి ఇచ్చిన కితాబు అది. మీ ఊరి సర్పంచి మీ సంఘం గురించి ఆ మాట చెప్పగలరా? నాకు ఆ వచనం చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

కాబట్టి ఈ వారమే చెయ్యగలిగినవి: వేరే దేవుళ్ళను ఎగతాళి చేసే వీడియో వాట్సాప్‌లో వస్తే ముందుకు పంపకండి. పంపినవాళ్ళు మన సంఘస్థులే అయితే విడిగా ఫోన్ చేసి, “బ్రదర్, ఇది మన పక్కింటివాళ్ళు చూస్తే ఎలా ఉంటుంది?” అని అడగండి. గ్రూపులో అందరి ముందూ అంటే పంతానికి పోతారు. పాస్టరుగారు ప్రసంగంలో అలాంటి మాట అన్నారనుకోండి, ఆరాధన అయ్యాక నెమ్మదిగా చెప్పండి. మైకులో మాట్లాడింది చర్చి గోడ దగ్గర ఆగదు కదండీ.

2. ఇచ్చేముందు పుచ్చుకోండి

మనకి ఎప్పుడూ ఏదో ఒకటి ఇవ్వాలనీ, చెప్పాలనీ ఉంటుంది. యోహాను సువార్త 4వ అధ్యాయంలో యేసు సమరయ స్త్రీ దగ్గర అలా మొదలుపెట్టలేదు. దాహానికి నీళ్ళు అడిగారు. యూదులు సమరయులతో సాంగత్యం చెయ్యని రోజుల్లో, ఆమె చేత్తో చేదిన నీళ్ళు అడగడమే ఆమెకిచ్చిన మొదటి గౌరవం.

మన దగ్గర కూడా అడగండి. ఆవకాయ కొలతలు అడగండి. చేలో నీళ్ళు ఎప్పుడు వదులుతున్నారో, పురుగుమందు ఏది కొట్టారో అడగండి. వాళ్ళ పండగ గురించి అడగండి. కనుమ రోజున అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, వస్తాయి. గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోసుకుంటూ కౌశిక కాలవ నీళ్ళలో దిగి దాటిస్తారు. పచ్చటి చేల మధ్యనుంచి వెళ్తుంటే పైరు తొక్కిడి పడుతుంది. రైతులు దాన్ని నష్టం అనుకోరు, చేనుకి మంచిదనుకుంటారు. ఇది నేను పుస్తకంలో చదవలేదు. మాతో పాటు కుట్టు నేర్చుకున్న ఒక వదినగారిని “అదేంటండీ, పంట పాడవదా?” అని అడిగితే అరగంట చెప్పారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను దణ్ణం పెట్టలేదు, పెట్టమని ఆవిడా అనలేదు. నా మనసుకి దగ్గరైన విషయం ఎవరైనా శ్రద్ధగా అడిగితే నాకెంత బాగుంటుందో ఆవిడకీ అంతే.

అడిగినప్పుడు జవాబుకోసం ఆగండి. మధ్యలో “మా బైబిల్లో కూడా…” అని అందుకోకండి. అది వినడం అవదు, వంతు కోసం కాచుకోవడం అవుతుంది.

3. ప్రసాదం ఇచ్చినప్పుడు

టెన్షన్ అంతా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి పౌలు మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో రాశాడు. అవి రెండూ కలిపి చదవండి, ఒక వచనం తుంచుకుని వాదించకండి. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది ఏదైనా ఆరా తియ్యకుండా తినమంటాడు. ఇది దేవతకి అర్పించింది అని ఎవరైనా చెప్తే, చెప్పిన ఆ మనిషి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. మన ప్రాంతంలో చాలా సంఘాలు ప్రసాదం తినవు. కొందరు తింటారు. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకరినొకరు తీర్పు తీర్చకుండా ఉండడమే పెద్ద కృప. నేను తినను. మీరూ తినని వాళ్ళయితే ఇలా చెయ్యండి.

ముందు తలుపు పూర్తిగా తియ్యండి. “రండి పిన్నిగారూ, కూర్చోండి” అనండి. మంచినీళ్ళివ్వండి. అప్పుడు నిదానంగా, “పండగపూట మమ్మల్ని గుర్తుపెట్టుకుని తెచ్చారు, చాలా సంతోషమండి. దేవుడి దగ్గర పెట్టింది మేము తినమండి, అది మా పట్టింపు. మీరు ఏమీ అనుకోకండి. విడిగా తీసిన గారెలుంటే మాత్రం రెండు పెట్టండి, మీ చేతి గారెలు బాగుంటాయి” అని చెప్పండి. మన జిల్లాల్లో పట్టింపు అంటే అందరికీ అర్థమవుతుంది. వాళ్ళకీ మడి ఉంది, ఏకాదశి ఉపవాసం ఉంది, కార్తీకమాసం నియమాలున్నాయి. పట్టింపు ఉన్నందుకు ఎవరూ నొచ్చుకోరు. చీదరించుకున్నట్టు చెప్తే నొచ్చుకుంటారు.

పుచ్చుకుని వెనక గుమ్మంలోంచి పారెయ్యడం మాత్రం వద్దు. చాలామంది గొడవెందుకని అలా చేస్తారు. అది అబద్ధం, పైగా అన్నం. ఏదో రోజు ఎవరో చూస్తారు. నిజం చెప్పి కలిగించిన నొప్పి మానుతుంది కానీ, పెంటకుప్ప మీద తను వండిన పులిహోర చూసిన మనిషి మళ్ళీ మన ముఖం చూడదు.

వాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి, ఇది మన అమ్మమ్మల కాలంనుంచీ ఉన్నదే. క్రిస్మస్‌కి మీరు పంపేటప్పుడు వాళ్ళ పట్టింపు మీరు గుర్తుంచుకోండి. నీచు తినని ఇంటికి గుడ్డు వేసిన కేకు పంపితే వాళ్ళు ఏం చెయ్యాలో తెలియక అవస్థ పడతారు. కొబ్బరి లౌజు చెయ్యండి, లేకపోతే ఆత్రేయపురం పూతరేకులు తెప్పించండి. బియ్యప్పిండి, నెయ్యి, పంచదారతో చేస్తారు కాబట్టి అందరూ తింటారు. బిర్యానీ వండిన గరిటె పాయసంలో పెట్టకండి. రంజాన్ నెలలో ముస్లింల ఇంటికి పగలు కాకుండా పొద్దుగూకాక పంపండి. వాళ్ళకి హలాల్ పట్టింపు ఉంటుంది, మాంసం పంపేముందు అడగండి.

చవితి చందాకి కుర్రాళ్ళు వస్తారు. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే పావుగంట ఉపన్యాసం ఇవ్వకండి. “పూజకి ఇవ్వలేను నాన్నా, నిమజ్జనం రోజు మజ్జిగ ప్యాకెట్లు నా ఖర్చు” అనండి. ఎండలో ఊరేగింపు చేసే పిల్లలకి మజ్జిగ ఇస్తే మన విశ్వాసం ఎక్కడికీ పోదు.

4. చావు ఇంటికి వెళ్ళండి

పెళ్ళికి వెళ్ళడం సులువే, బట్టలు పెట్టి భోంచేసి వస్తాం. అక్షతలు వెయ్యాలా వద్దా అన్నది మీ మనసుకి వదిలేస్తున్నాను. చావు దగ్గరే మనవాళ్ళు వెనకాడతారు. అక్కడ తంతు జరుగుతుంది, మనం ఎలా ఉండాలో తెలియదు అని రోడ్డు మీదే నిలబడి వచ్చేస్తారు.

లోపలికి వెళ్ళండి. ఏడ్చేవారితో ఏడవమని రోమా పత్రిక 12వ అధ్యాయం చెప్పింది, ఏ మతంవాళ్ళతో అని చెప్పలేదు. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లలు, షుగరున్న ముసలివాళ్ళు ఆకలితో ఉంటారు. ఫ్లాస్కులో టీ, ఇడ్లీ పట్టుకెళ్ళండి. కుర్చీలు, ఐస్ బాక్సు, టెంటు ఎక్కడ దొరుకుతాయో మీకు తెలిస్తే ఫోన్లు మీరు చెయ్యండి. తంతు మొదలైనప్పుడు పక్కకి తప్పుకుని మౌనంగా నిలబడండి చాలు, ఎవరూ తప్పు పట్టరు. పోయినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారన్న సంగతి ఆ రోజు ఎత్తకండి. మర్నాడూ ఎత్తకండి. జనం వచ్చి వెళ్ళిపోయాక, పదిహేను రోజులు దాటాక, ఆ ఇల్లు ఇంకా ఖాళీగా అనిపిస్తుంది. అప్పుడు మళ్ళీ వెళ్ళండి.

ఇంట్లో ఒక్కరే ప్రభువును నమ్ముకుని, తల్లిదండ్రుల కర్మ దగ్గర ఏం చెయ్యాలో తెలియక నలిగిపోయేవాళ్ళు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళని గద్దించేముందు రెండవ రాజులు 5వ అధ్యాయం చదవండి. సిరియా సేనాధిపతి నయమాను, నా యజమాని రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకుని మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ విషయంలో నన్ను క్షమించాలి అని అడుగుతాడు. ఎలీషా అతన్ని కసరలేదు, మనశ్శాంతితో వెళ్ళమన్నాడు. అక్కడ ఎలీషాకున్న ఓర్పు మన సంఘపెద్దలకు కూడా కావాలి.

5. మైకు

చిన్న విషయమే కానీ ఊళ్ళో సగం గొడవలు దీనితోనే. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్ స్పీకరుకి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటకి వినబడేలా వాడకూడదు. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. గుడి మైకు తెల్లవారుజామునే పెడుతున్నారు కదా అని మనమూ పెట్టకూడదు. చర్చి పక్కన మంచం పట్టిన మనిషి ఉన్నారా, ఇంటర్ పరీక్షలు రాసే పిల్ల ఉందా కనుక్కోండి. ఆ ఇంటికి వెళ్ళి, “సౌండు ఎక్కువవుతోందా అండీ?” అని మనమే అడిగితే, వాళ్ళు ఫిర్యాదు చేసేదాకా ఆగక్కర్లేదు. బాక్సులు గుడారం లోపలివైపుకి తిప్పండి. క్రిస్మస్‌కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్‌కి వాళ్ళని పిలిస్తే ప్రార్థన, వాక్యం ఉంటాయని ముందే చెప్పండి. ఆడుకోవడానికని పిలిచి ప్రార్థనలో కూర్చోబెట్టకండి.

6. జబ్బు, వరద

ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, “మీకు అభ్యంతరం లేకపోతే ఒక్క నిమిషం ప్రార్థన చెయ్యనా అండీ?” అని అడగండి. వద్దంటే ముఖం మాడ్చుకోకండి, ఆస్పత్రికి ఆటో మాట్లాడండి. సరేనంటే నెమ్మదిగా, చిన్నగా చెయ్యండి. తల మీద చెయ్యి వెయ్యడానికీ అడగండి. మందులు ఆపమని ఎప్పుడూ, ఎవరికీ చెప్పకండి. తగ్గితే “చూశారా” అని లెక్క అడక్కండి.

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల్లో పడవలు తప్ప దారి లేదు. అలాంటప్పుడు అన్నం ప్యాకెట్టుతో కరపత్రం కలపకండి. ఆకలితో చెయ్యి చాచిన మనిషికి వద్దనే స్వేచ్ఛ ఉండదు. లూకా 10వ అధ్యాయంలో సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, సత్రం ఖర్చు కట్టాడు. ఆ మనిషి మతం గురించి ఒక్క ముక్క అడిగినట్టు లేదు.

మన నేల మీదే చూడండి. కాటన్ దొర భక్తిగల క్రైస్తవుడు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. ఆ నీళ్ళు ఏ మతంవాడి చేను అని చూడకుండా పారాయి. ఆయన్ని భగీరథుడితో పోల్చి సంస్కృతంలో శ్లోకం చెప్పుకున్నవాళ్ళు హిందువులు. నర్సాపురం వైపు మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఈరోజు అన్ని మతాల ఆడవాళ్ళ చేతుల్లోనూ ఉంది. 2024లో దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేనూ అల్లుతాను. అరుగు మీద నలుగురం కూర్చుంటే సూది ఎవరిదో, దారం ఎవరిదో తెలియదు.

7. వాళ్ళే అడిగినప్పుడు

ఇన్నాళ్ళూ ఇలా మెలిగితే ఏదో రోజు అడుగుతారు. అప్పుడు దాచకండి. మీకు ప్రభువు ఏం చేశారో అది చెప్పండి, సాత్వికంగా, అయిదు నిమిషాల్లో. వాళ్ళ దేవుళ్ళతో పోలిక తీసుకురాకండి. “అందరు దేవుళ్ళూ ఒక్కటే కదండీ” అంటే, ఒప్పుకోకుండా ఊరికే తలూపడం మంచిది కాదు. “నేను యేసు ఒక్కడినే నమ్ముకున్నానండి. మీరు మీ నమ్మకంతో ఎంత నిజాయితీగా ఉంటారో చూస్తున్నాను, ఆ గౌరవం నాకుంది” అనండి. అది అబద్ధం కాదు. యూదుడు కాని శతాధిపతి విశ్వాసం చూసి ఇశ్రాయేలులోనే ఇలాంటిది చూడలేదని యేసు ప్రభువే మెచ్చుకున్నారు.

పక్కింటి పిల్లల్ని వీబీఎస్‌కి (సెలవుల్లో పెట్టే బైబిలు బడికి) గానీ, ఆదివారం బడికి గానీ వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పకుండా తీసుకెళ్ళకండి. బిస్కెట్ల కోసం వచ్చినా సరే, ఇంటికి పంపి అడిగి రమ్మనండి. మీ అమ్మాయిని మీకు చెప్పకుండా ఎవరైనా భజనకి తీసుకెళ్తే మీకెలా ఉంటుందో ఆలోచించండి.

8. అవమానించినప్పుడు

ఇది రాయకపోతే ముందు రాసిందంతా అన్యాయం అవుతుంది. మన డెల్టాలో క్రైస్తవులు చాలామంది మాల, మాదిగ పల్లెలనుంచి వచ్చినవాళ్ళు. వేరే గ్లాసులో టీ తాగినవాళ్ళ మనవలం. “మీరు కృప చూపించండి” అని అవమానపడ్డవాళ్ళకే చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. కృప అంటే అవమానాన్ని మంచిదని ఒప్పుకోవడం కాదు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టి చెరలో వేశారు. మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మంటే, మేము రోమా పౌరులం, ఆ అధికారులే వచ్చి మమ్మల్ని బయటకి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు వచ్చి బతిమాలారు. అదే పౌలు ముందు రాత్రి చెరసాల నాయకుణ్ణి చావకుండా కాపాడాడు.

కాబట్టి కులం పేరుతో తిడితే చట్టంలో మీకు ఏ దారి ఉందో లాయరుని అడిగి వాడుకోండి, సిగ్గుపడకండి. కేసు పెట్టిన చేత్తోనే ఆ ఇంట్లో చంటిపిల్లకి జ్వరమొస్తే బండి తియ్యండి. రెండూ చెయ్యొచ్చు. కష్టమే, ప్రార్థన లేకుండా నా వల్ల అయితే కాలేదు.

9. ఇప్పటికే తప్పు జరిగిపోతే

వెళ్ళి చెప్పండి. పండగ రోజు కాకుండా మామూలు రోజు, పని లేని వేళ వెళ్ళండి. కారణాలు చెప్పకండి. “ఆ రోజు మీతో సరిగ్గా మాట్లాడలేదండి, తప్పయింది” అన్న ఒక్క మాట చాలు. వాళ్ళు వెంటనే కరగకపోతే తొందరపెట్టకండి.

నేను మామ్మగారి దగ్గరికి వెళ్ళడానికి రెండేళ్ళు పట్టింది. ఆవిడ పెరట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. నా మాట విని, తల ఎత్తకుండా, “నువ్వూ తియ్యి, సాయంత్రమైపోతోంది” అని చేట నా వైపు జరిపారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఇద్దరం కాయలన్నీ తీశాం.

ఆ ఏడు దసరాకి గ్రిల్లు దగ్గర చప్పుడైతే పరిగెత్తాను. అదే గిన్నె, పైన అరిటాకు. “నైవేద్యం పెట్టకముందే తీసి పక్కనుంచానమ్మా, తినొచ్చు” అన్నారు.